మా కారున్న మ్యూజియం

కెనడాలోని వాటర్లూలో మా ఇంట్లో నలుగురు విద్యార్థులం ఉంటాం, కారు మాత్రం ఒక్కటే. అది కరీంనగర్ సతీష్‌ది, వయసులో నాకంటే పెద్దది. క్లాసులయ్యాక సాయంత్రాలు వాడు అందులో భోజనాలు డెలివరీ చేస్తాడు. జనవరిలో దాని హీటర్ ఫ్యాన్ మోటారు కాలిపోయింది. ఫ్యాన్ లేకపోతే ముందు అద్దానికి వేడిగాలి తగలదు, అద్దం లోపలినుంచి మసకబారుతుంది, దారి కనపడదు. కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి మోటారు ఎక్కడా దొరకలేదు. సోమవారం వచ్చి కారు పట్టుకుపోతానని తుక్కు కొనేవాడు చెప్పాడు. కారుతోపాటు సతీష్ పని కూడా పోతుంది.

శుక్రవారం ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే అచ్చం మా కారే కనిపించింది. కింద ఉన్న చిరునామా దుకాణానిది కాదు, మ్యూజియంది. టొరంటో దాటి తూర్పుగా, సరస్సు ఒడ్డున, ఒకప్పుడు ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న ఊరు.

శనివారం ఉదయం ఏడున్నరకు సతీష్, నేను బయలుదేరాం. సామాను: టూల్‌బాక్స్, పులిహోర డబ్బా, అద్దం తుడవడానికి రెండు పాత టీషర్టులు. కెనడా చలి గురించి చాలామంది రాశారు. నేను కలపగలిగింది ఒక్కటే: అది కారు లోపల కూడా ఉంటుంది.

దారిలో, టొరంటో పక్కనున్న మార్కమ్ దగ్గర నేనేదో అనబోతే సతీష్ కసిరాడు. "నోరు మూస్కోరా! నీ ఊపిరికే అద్దం మసకైతది. అటు తిరిగి ఇడువు."

నేను కిటికీ వైపు తిరిగి ఊపిరి వదిలాను. మాట్లాడే హక్కు రేడియోకే ఉంది. అందులో పాత యజమాని క్యాసెట్ ఇరుక్కుపోయింది, బయటికి రాదు. ఎవరో పెద్దమనిషి తాను అమ్మేసిన ట్రక్కును తలుచుకుని ఏడుస్తూ పాడతాడు. కారు కొన్నప్పటినుంచీ మాకు అదే సంగీతం.

పదిన్నరకు చేరాం. వెళ్లదలచినవారికి: శనివారాలు మాత్రమే తెరుస్తారు, విద్యార్థులకు సగం టికెట్, తిండి దొరకదు.

మొదటి గదిలో, ఫోటోలో, కంపెనీ వ్యవస్థాపకుడు గుర్రబ్బండి పక్కన నిలబడి ఉంటాడు. రెండో గదిలో అదే మీసంతో కారు పక్కన. ఇంజన్ ఒక్కటే అమెరికానుంచి వచ్చేదని, మిగతాదంతా ఇక్కడే చేసేవారని బోర్డు. ఆ మిగతాది ఏమిటో వెతికి చూశాను: తలుపులు, సీట్లు, గర్వం. మూడో గదిలో అమెరికా కంపెనీ దీన్ని కొనేస్తుంది, బోర్డు మీద దాని పేరు భాగస్వామ్యం. నాలుగో గదిలో ఫ్యాక్టరీ మూసేస్తారు, దాని పేరు కొత్త ప్రయాణం. ఆ ప్రయాణంలో కార్మికులు ఎక్కడ దిగారో రాయలేదు. ఐదో గది గిఫ్ట్ షాపు.

మా కారు నాలుగో గదిలో ఉంది. చుట్టూ ఎర్రతాడు. 'ఒక తరం కుటుంబాలను మోసిన కారు' అని పలక.

"బిర్యానీ గూడ మోసిందని రాయమను," అన్నాడు సతీష్.

మ్యూజియం నడిపే డోరతీ అనే పెద్దావిడకు మా గోడు చెప్పాం. ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. "వెనక షెడ్డులో ఇంకో కారు ఉంది, విడిభాగాలకని ఉంచాం. దాని మోటారు బాగానే ఉంటుంది. కానీ ఇక్కడి వస్తువులు అమ్మకూడదని మా నియమం."

సతీష్ ముఖం వాడిపోయింది. "సరే మేడమ్. మా కారైనా ఒకసారి చూడండి. సోమవారం నుంచి ఉండదు."

"నడుస్తుందా?" ఆవిడ కోటు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది. కారెక్కి కూర్చుని హారన్ కొట్టి చూసింది. చెయ్యి రేడియో మీద ఆగిపోయింది.

"ఇది కంపెనీ రేడియో! మా కారులో ఈ చోట ఖాళీ. ఏళ్లుగా వెతుకుతున్నాను." కాసేపు ఆలోచించింది. "అమ్మకూడదనే ఉంది. మార్చుకోకూడదని ఎక్కడా లేదు."

సతీష్ నా చెవిలో, "తొందరగ రేడియో ఇప్పు! ఆమె మనసు మారుతది," అన్నాడు.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివినందుకు కెనడాలో తొలిసారి పని దొరికింది. ఎడమవైపు సీటులో సతీష్ కూర్చోగా, కుడివైపు నేను తలకిందులుగా దూరి, షెడ్డు కారునుంచి తీసిన మోటారు బిగించాను. స్విచ్ వేస్తే మొదట గాలి రాలేదు, ఎండుటాకులు వచ్చాయి. తర్వాత వేడిగాలి వచ్చింది. ముందు అద్దం మీది మసక కిందినుంచి పైకి కరిగిపోయింది. సతీష్ రెండు చేతులూ అద్దంమీద ఆనించి చూశాడు.

రేడియోను క్యాసెట్‌తో సహా ఇచ్చేశాం. లోపల ఒకడు ఏడుస్తుంటాడని డోరతీకి ముందే చెప్పాను.

"అది కూడా వారసత్వమే," అందావిడ.

రెండింటికి తిరుగు ప్రయాణం. పులిహోర వేడిగాలి దగ్గర పెట్టుకుని తిన్నాం. తుక్కువాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పాను. మార్కమ్ దాటేదాకా సతీష్ ఆపకుండా మాట్లాడాడు: సాయంత్రం ఆర్డర్లు, అసైన్‌మెంట్లు, డోరతీ. నేనూ మాట్లాడాను, అద్దానికి ఎదురుగానే.

తర్వాత మాటలయిపోయాయి. రేడియో ఉండాల్సిన చోట వైర్లు వేలాడుతున్నాయి. వాటర్లూ ఇంకా గంట ఉందనగా సతీష్ కూనిరాగం మొదలుపెట్టాడు. అదే ట్రక్కు పాట, కరీంనగర్ యాసలో. రెండో చరణం దగ్గర వాడు తడబడితే నేను అందుకున్నాను.