ఎద్దు లేని గానుగకు దొరనైన

దొరల మీద కొట్లాట జోరుగ నడుస్తున్న కాలంలనే దొరగ మారి దళం చేతుల పడ్డ మొనగాడు మా తాలూకాల ఒక్కడే. వాని ముచ్చట చెప్పుత, జర ఓపిక పట్టుండ్రి. వాడు నేనే.

దేవరుప్పుల పక్కన మా ఊరు. అసలు దొర గడీకి తాళమేసి పట్నం పారిపోయిండు. సరిగ్గ అప్పుడే నేను బొంబాయి నుంచి దిగిన. అక్కడ షేర్ల బజారు గల్లీల చాయ్ అందించేటోన్ని. కంపెనీలను వాటాలుగ అమ్ముడు, ఒకడు అమ్ముతాననంగనే నలుగురు ఎగబడి కొనుడు, అంతా కిటికీలకెళ్లి చూసిన. ఇగ నాకు తెల్వని యాపారం లేదనుకున్న.

దొరల మీద కొట్లాడే సంగం కూటంల లేచి చెప్పిన: తలా ఇన్ని జొన్నలేసి ఊరికి నూనె గానుగ పెట్టుకుందాం, ఎవలెంతేస్తే వాళ్లకంత వాటా. సంగయ్య మామ జొన్నలకు బదులు ఎద్దునిచ్చిండు. మా వాడకట్టు మల్లవ్వకు ఒక్కటే అనుమానం.

"జరూరత్ పడితే నా వాటా ఎవలు కొంటరు బిడ్డా?"

"ఎప్పుడంటే అప్పుడు కొంటరవ్వా. బొంబాయిల గట్లనే."

గానుగ మంచిగనే తిరిగింది. ఎండకాలంల మల్లవ్వ బిడ్డకు జ్వరమొచ్చింది. పట్నం దవాఖానకు తోలుకపోవాలె, వాటా అమ్ముతానన్నది. ఊరంత తిరిగిన. కొనేటోడు లేడు. అందరి జొన్నలు గానుగ పెట్టుడుకే పోయె మరి. మాట పోతదని మా అమ్మ గుమ్మిలకెళ్లి జొన్నలు తీసి నేనే కొన్న.

అంతటితోని ఆగలే. మల్లవ్వ ఎందుకమ్మిందని గుసగుసలు లేచినయి. గానుగ రోకలి పలిగిందని ఒకడన్నడు, మిలిట్రీ వచ్చి కాలవెడతదని ఇంకొకడన్నడు. తెల్లారేసరికి మా వాకిట్ల పెండ్లి బువ్వకొచ్చినట్టు జనం. అందరు అమ్మేటోళ్లే, కొనేటోన్ని నేనొక్కన్నే. పంతానికి కొనుకుంట పోయిన. సంగయ్య మామ వంతొచ్చేసరికి జొన్నలు ఒడిసినయి. ఆయన ఎద్దును ఇప్పుకొని పోయిండు.

మా అమ్మ ఖాళీ గుమ్మిలకు తొంగి చూసి నిమ్మళంగ అన్నది: "సముద్రంల కడవ ముంచితే ఎవలికీ తెల్వది. మన వాగు చెలిమెల ముంచితే ఇసుక తేలుతది. గింత సంగతి బొంబాయిల చూడలేదా కొడుకా?"

చూడలేదు. కిటికీ చిన్నది.

గానుగ మొత్తం నాదైంది గని తిప్పే దిక్కు లేదు. ఆడోళ్లు నువ్వులు తెచ్చి నిలవడ్డరు. చేసేదేముంది, కాడి నా మెడకే ఎత్తుకున్న. ఇంతట్ల ఊరి గానుగను ఒక్కడే మింగిండని అడవిల దళానికి కబురు పోయింది. ఒకనాడు పొద్దుగాల్నే దళం తుపాకులతోని దిగింది. కొత్త దొర ఎవడని నాయకుడు అడిగితే ఊరంత నా దిక్కు చెయ్యి చూపింది. ఆ దినాలల్ల దొర అంటే ఏమైతదో నాకెరుకే. అయినా తిరుగుడు మాత్రం ఆపలే.

ఆయన నా చుట్టు నడిచి చూసిండు. "దొరవు నువ్వేనా?"

"నేనే అన్నా."

"మరి ఎద్దేది?"

"అదీ నేనే."

ఆయన తుపాకి పక్కన పెట్టి, కూలవడి నవ్విండు. నవ్వు ఆగినంక తీర్పు చెప్పిండు: గానుగ మళ్ల అందరిది, ఎవల వాటా వాళ్లకు ఉత్తగనే. నా జొన్నల సంగతేందని అడిగిన. తిన్నోళ్లను అడుగుమన్నడు. బిడ్డ కోలుకున్నదన్న సంబురంల మల్లవ్వ అందరికంటే ముందుగాల వచ్చి తన వాటా తీసుకున్నది.

కాడి దించి, గానుగకు దండం పెట్టి, ఊరందరి ముందట ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల ఇగ దేనికీ ఒక్కన్నే యజమానిని కాను. ఆ ఒట్టు ఇప్పటిదాంక తప్పలే. పెండ్లయినంక తప్పే సందే దొరకలే.