సముద్రానికి వీపు పెట్టి

అమ్మ న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా దగ్గరికి వచ్చినప్పుడు సూట్‌కేసులో గోంగూర పచ్చడితో పాటు ఒక అజాన్ గడియారం తెచ్చుకుంది. రోజుకు ఐదుసార్లు, నమాజు వేళ కాగానే, అది దానంతట అదే పిలుపు ఇస్తుంది. మా అపార్ట్‌మెంట్ గోడలు అప్పడాల్లాంటివి. పక్కింటాయన తుమ్మితే నాకు వినబడేది. మొదటి రోజు తెల్లవారుజామున గడియారం గొంతెత్తగానే మంచం మీంచి ఒక్క దూకు దూకి, దాన్ని టవల్లో చుట్టి బట్టల అలమరలో పెట్టేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"పక్కవాళ్ళ నిద్ర పాడవుతుందమ్మా" అన్నాను.

"అవున్లే" అంది.

పక్కవాళ్ళ నిద్ర సంగతి అబద్ధం కాదు గానీ, అసలు కారణం అది కాదు. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలిన తరువాత నాలో ఒక భయం చేరింది. నన్నెవరూ ఏమీ అనలేదు. ఇది చెప్పుకోవడమే కష్టం. ఎవరైనా ఒక మాట అని ఉంటే దాన్ని చూపించి బాధపడొచ్చు, కోప్పడొచ్చు. ఆఫీసులో అందరూ మర్యాదగానే ఉండేవారు. నేనే ముందు గడ్డం తీసేశాను. తరువాత శుక్రవారం మసీదుకు వెళ్ళడం మానేశాను. హాల్లో వేలాడదీసిన ఖురాన్ వాక్యాన్ని పడకగదిలోకి మార్చాను. చివరికి నమాజే మానేశాను. తెలుగు మిత్రుల ఇళ్ళలో విందులకి వెళ్తే, "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అని మెచ్చుకునేవారు. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే. బాపట్లలో పుట్టినవాడు తెలుగు కాక జపనీస్ మాట్లాడతాడా? మనసులో అలా అనుకుని, పైకి నవ్వేసేవాణ్ణి. నవ్వేయడం నాకు బాగా అలవాటైపోయింది.

నమాజు మానేసిన సంగతి మాత్రం అమ్మకు తెలియదు. తెలియదని నేను అనుకున్నాను. ఫోన్లో అడిగినప్పుడల్లా, "చేసుకుంటున్నానమ్మా" అనేవాణ్ణి. ఆమె వచ్చాక, "ఆఫీసులో చేసుకున్నాను" అనేవాణ్ణి. శని, ఆదివారాల్లో పక్క గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, నమాజుకి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఈమెయిల్ చూసుకునేవాణ్ణి. ముప్పై ఐదేళ్ళ మగాడు, నెలనెలా ఇంటి అప్పు కడుతున్నవాడు, కన్నతల్లికి భయపడి గదిలో దాక్కోవడం! నా భార్య ఇదంతా చూసి నా వైపు ఒక చూపు చూసేది.

నాలుగో నెలకి అమ్మకు ఊపిరాడలేదు. "ఇక్కడ అజాన్ వినబడదు, సముద్రం కనబడదు. రోజు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియట్లేదురా" అంది. ఈ రెండూ ఒకేచోట దొరికే ఊరు ఉందని మా ఆఫీసులో మొరాకో నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. దాని పేరు అగాదిర్. అట్లాంటిక్ ఒడ్డున నెలవంకలా వంగిన పెద్ద బీచ్, దాని వెనకే ఊరంతా మసీదులు. న్యూయార్క్ నుంచి కాసాబ్లాంకాకి ఒకే విమానం, అక్కణ్ణుంచి ఇంకో చిన్న విమానం. అమ్మ వీసా కోసం రెండుసార్లు న్యూయార్క్ తిరిగి, టికెట్లు బుక్ చేశాను. నా భార్య ఆస్పత్రిలో సెలవు దొరక్క ఉండిపోయింది. తల్లికి ఏదో గొప్ప మేలు చేస్తున్నానని నాకు గర్వంగా ఉండింది.

ఆ గర్వం ఎయిర్‌పోర్ట్ దాటే దాకా కూడా నిలబడలేదు. విమానం కోసం కూర్చుని ఉండగా అద్దాల అవతల పొద్దు వాలింది. అమ్మ చేతిసంచీలోంచి జానిమాజు తీసింది. అంటే నమాజు చేసుకోవడానికి పరుచుకునే చిన్న తివాచీ. నేను అటూ ఇటూ చూశాను. చుట్టూ వంద మంది.

"అమ్మా, ఇక్కడొద్దు. లోపల పెట్టు. విమానం ఎక్కాక కూర్చుని చేసుకుందువుగాని" అన్నాను, పళ్ళ మధ్య నుంచి.

అమ్మ నా ముఖంలోకి చూసింది. జానిమాజును నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. విమానం ఎక్కడం ఆలస్యమైంది. అది లేచి, బెల్టులు తీయవచ్చని చెప్పేసరికి బయట చీకటి పడిపోయింది, ఆ నమాజు వేళ దాటిపోయింది. నన్ను కన్నప్పుడు తప్ప, పెద్ద ఆపరేషన్ అయినప్పుడు కూడా మంచం మీదే సైగలతో నమాజు చేసిన మనిషి ఆమె. అలాంటి మనిషికి నా వల్ల ఒక నమాజు పోయింది. దారి పొడుగునా ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు.

అగాదిర్‌లో మా హోటల్ గదికి సముద్రం వైపు బాల్కనీ ఉంది. మేం చేరేసరికి సాయంత్రం అయింది. అమ్మ ముఖం కడుక్కుని వచ్చి, "ఖిబ్లా ఎటురా?" అని అడిగింది. ఖిబ్లా అంటే మక్కా ఉన్న దిక్కు. నమాజులో అటే తిరగాలి. నేను తడుముకోకుండా బాల్కనీ వైపు చెయ్యి చూపించాను. "అదిగో, సూర్యుడు దిగుతున్న వైపు."

ఎందుకంటే నాకు ఖిబ్లా అంటే పడమర. చిన్నప్పటి నుంచి అంతే. బాపట్లలో పడమర వైపు కాళ్ళు చాపి పడుకుంటే మా నాయనమ్మ తొడపాశం పెట్టేది. పార్సిప్పనీలో నా భార్య గోడకి అంటించిన బాణం గుర్తు ఈశాన్యం చూపిస్తుంది గానీ, నేను దాని ముందు నిలబడితే కదా అది నా ఒంటికి పట్టేది!

అమ్మ కాస్త తటపటాయించింది. "సముద్రం వైపా? మన ఊళ్ళో సముద్రానికి వీపు పెట్టి కదరా చేసుకుంటాం?"

"మన ఊళ్ళో సముద్రం తూర్పున ఉందమ్మా. ఇక్కడ పడమరన ఉంది" అన్నాను, ఇంజనీరింగ్ చదివిన గొంతుతో. అమ్మ నా చదువును నమ్మింది.

ఆ మూడు రోజులు అమ్మ ముఖం చూడాల్సిందే. నాలుగు వైపుల నుంచి అజాన్ వినబడితే బాల్కనీలో కళ్ళు మూసుకుని నిలబడిపోయేది. హోటల్లో మాంసం వడ్డిస్తే ముట్టుకోకుండా నా వైపు చూసింది. "ఇక్కడ అడగక్కర్లేదమ్మా, అంతా హలాలే" అన్నాను. "అడగక్కర్లేదా?" అని మళ్ళీ అడిగి, ఏళ్ళ తరబడి పస్తున్నట్టు తింది. న్యూజెర్సీలో బిస్కెట్ పొట్లం మీది చిన్న అక్షరాలన్నీ నాతో చదివించుకుని గానీ నోట్లో పెట్టుకునేది కాదు మరి. బీచ్‌లో తెల్లవాళ్ళు పిడికెడు బట్టలతో పడుకుని ఉంటే మొదటి రోజు అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రెండో రోజుకి, "ఎవరి ఎండ వాళ్ళు కాచుకుంటున్నారు, మనకేం?" అని తేల్చేసింది. వాళ్ళ పక్కనే ఆ ఊరి ఆడవాళ్ళు కాళ్ళ దాకా ఉండే గౌనుల్లో, తలకి గుడ్డలతో, అలల్లోకి దిగి కేరింతలు కొట్టేవారు. అమ్మ వాళ్ళనే చూస్తూ కూర్చునేది.

నమాజు వేళ కాగానే, "మసీదులో చేసుకొస్తానమ్మా" అని నేను బయటపడేవాణ్ణి. మసీదుకి ఎదురుగా ఒక టీ దుకాణం ఉంది. అక్కడి మనిషి కెటిల్‌ను తల ఎత్తు దాకా లేపి, పుదీనా వేసిన టీని సన్నటి ధారగా గాజుగ్లాసులోకి వంచేవాడు. అది తాగుతూ, లోపలికి వెళ్ళేవాళ్ళనీ బయటికి వచ్చేవాళ్ళనీ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇక్కడ నాకు భయపడాల్సిన పనే లేదు. అయినా కాళ్ళు ఆ గుమ్మం దాటేవి కావు. ఇన్నేళ్ళ తరువాత ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి?

మూడో రోజు మధ్యాహ్నం టీ తాగి వచ్చి గది తలుపు తీశాను. అడుగు వేయబోయి ఆగిపోయాను. జానిమాజు తలుపు వైపు పరిచి ఉంది. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"గది ఊడ్చే ఆమె వచ్చింది. నేను బాల్కనీ వైపు తిరిగి చేసుకుంటుంటే అయిందాకా గోడ పక్కన నిలబడింది. ఆ తరవాత నా చెయ్యి పట్టుకుని లేపి, తనే దీన్ని ఇటు తిప్పి పరిచింది. తలుపు వైపు చూపించి, మక్కా, మక్కా అంది. నా నెత్తి మీద ముద్దు పెట్టి పోయింది" అని చెప్పింది.

నాకు అప్పుడు గానీ మ్యాప్ గుర్తుకు రాలేదు. మొరాకో నుంచి మక్కా తూర్పున ఉంటుందని ఏడో తరగతి పిల్లలకి కూడా తెలుసు.

"మూడు రోజులూ మీ పార్సిప్పనీకి తల వంచాన్రా నేను" అంది అమ్మ. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "తెలియక చేసినవి, అల్లా ఒప్పుకుంటాడు. అది కాదు గానీ, నువ్వు పోయే మసీదులో ఎటు తిరిగి నిలబడుతున్నారు?"

మూడు రోజులు మసీదుకు వెళ్ళినవాడికి ఖిబ్లా తెలియకుండా ఎలా ఉంటుంది?

"టీ బాగుంటుందా అక్కడ?" అని అడిగింది. "మొదటి రోజే నీ దగ్గర పుదీనా వాసన వచ్చింది. మసీదులో టీ కూడా ఇస్తారేమో అనుకున్నా."

ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. దాచుకున్నదంతా చెప్పేశాను. గడ్డం, శుక్రవారాలు, గోడ మీది వాక్యం, తలుపు వేసుకుని చూసిన ఈమెయిళ్ళు, అన్నీ. "ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. "లేదమ్మా. ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే భయం."

అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "భయమేసిందని నాకు చెప్పొచ్చుగా. నాకేమన్నా భయాలు లేవా? నువ్వు నమాజు చెయ్యలేదని కాదురా నా బాధ. అది నీకూ అల్లాకీ మధ్య. ఫోన్లో అబద్ధం చెప్పావు చూడు, అది నీకూ నాకూ మధ్య" అంది. నా కళ్ళనీళ్ళు ఆమే కొంగుతో తుడిచింది. "ఇంక ఏడవమాక. నన్ను సముద్రం దగ్గరికి తీసుకుపో."

ఆ సాయంత్రం అమ్మ సముద్రంలోకి దిగింది. బాపట్లలో పుట్టి పెరిగిన మనిషి మా ఊరి సూర్యలంక బీచ్‌లో ఎప్పుడూ ఒడ్డునే కూర్చుంది. మా ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగడం అక్కడ ఎవరూ చూడలేదు. ఇక్కడ నీళ్ళలో ఉన్న ఇద్దరు ముసలమ్మలు ఆమె చూపు గమనించి, వచ్చి చెరో చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. చీర మోకాళ్ళ దాకా తడిసింది, తరువాత నడుం దాకా. ఒక్కొక్క అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ గట్టిగా అరిచారు. అరవై రెండేళ్ళ మా అమ్మ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నా అబద్ధం బయటపడిన రోజే నాకు ఆ నవ్వు చూసే అదృష్టం దొరికింది. ఆ ఊరికి, పేరు తెలియని ఆ ఇద్దరికీ, జానిమాజును తిప్పి పరిచిన ఆ తల్లికీ నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

ఆ తరువాతి రెండు రోజులు కూడా నేను మసీదు లోపలికి వెళ్ళలేదు. అమ్మ వెళ్ళమనలేదు. టీ దుకాణానికి తనూ వచ్చి, రెండు గ్లాసులు తాగింది.

తిరుగు ప్రయాణంలో మా విమానం మధ్యాహ్నం న్యూయార్క్‌లో దిగింది. సామాను తీసుకుని బయటి హాల్లోకి వచ్చేసరికి, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానని, ఇంకో గంట పడుతుందని నా భార్య ఫోన్ చేసింది. పొద్దు వాలుతోంది. అమ్మ గడియారం చూసుకుంది. తరువాత చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. ఆమె జానిమాజు తీయడం లేదు. నా కోసమే తీయడం లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని, ఒక నమాజును వదులుకోవడానికి సిద్ధపడి కూర్చుంది మా అమ్మ.

ఆమె చేతుల కింది నుంచి సంచీ తీసుకున్నాను. జానిమాజు తీసి, ఒక స్తంభం పక్కన పరిచాను.

"ఎటురా?" అని అడిగింది.

"ఈశాన్యం."

"ఈసారి కనుక్కున్నావా?"

"కనుక్కున్నానమ్మా."

నేనూ నిలబడడానికి నా కోటు విప్పి, జానిమాజుకి రెండు అడుగుల ముందు నేల మీద పరిచాను. నాకు భయం పోలేదు, అది దాచను. అంతలో దగ్గర్లో నేల తుడుస్తున్న ఒక నల్లజాతి పెద్దావిడ మమ్మల్ని చూసింది. తన బండి నెట్టుకుంటూ మా వైపే వస్తుంటే, వద్దంటుందనే అనుకున్నాను. ఆమె బండిలోంచి, నేల తడిగా ఉందని చెప్పే పసుపుపచ్చ బోర్డులు తీసి మాకు ముందు ఒకటి, పక్కన ఒకటి నిలబెట్టింది. మనుషులు, ట్రాలీలు వాటిని చూసి చుట్టూ తిరిగి పోసాగారు. ఆమె తల ఊపి, మళ్ళీ తన పనిలో పడింది. ఆ నేల పొడిగానే ఉంది.

చేతులు ఎత్తి నిలబడ్డాను. చదవవలసినది మొదటి ముక్క దాకా వచ్చి, ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మరిచిపోయాను. పొద్దు వాలే వేళ చేసే నమాజు మనసులోనే చదువుకునేది, ఇంట్లో అమ్మ పెదవులు కదలడమే తప్ప గొంతు వినబడేది కాదు. ఆ రోజు మాత్రం నా వెనక నుంచి, మెల్లగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, అమ్మ నాకు వినబడేటట్టు చదివింది.