ఆ తీగ ఎవరు పీకమన్నారు

ముందు పోయినవి లెక్కేస్తాను. రావలసిన హవల్దారు పట్టీ. ఎంపికైన కోర్సు. పెన్షన్‌కి మూడేళ్లు తక్కువగా ఆగిపోయిన ఉద్యోగం. ఇవేవీ నావి కావు, సూరిబాబువి. నాకు పోయింది నిద్రొక్కటే. దాన్ని ఈ లెక్కలో కలపడానికి సిగ్గేస్తోంది.

ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రెండువేలు దాటిన కొత్తలో ఇద్దరం ఉత్తరాదిన ఒక సిగ్నల్స్ యూనిట్‌లో ఉండేవాళ్లం. నాది అమలాపురం, అతనిది కాట్రేనికోన. నేను సుబేదారుని. కంప్యూటర్లు నాకెవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకున్నాను. అందుకే పైవాళ్లు నాకో పని అప్పజెప్పేరు: నెట్‌వర్క్ మీద దాడి జరిగితే ఎవరు ఎవరిని అడగాలి, ఎవరు అడక్కుండానే చెయ్యొచ్చు, కాగితం మీద గీసివ్వమని. అప్పటి పద్ధతిలో అనుమతి నాలుగు మెట్లెక్కి దిగేది. కొలిచి చూస్తే నలభై నిమిషాలు. వైరస్‌కి ఆరు చాలు. కాబట్టి డ్యూటీలో ఉన్నవాడే తీగ పీకెయ్యొచ్చని రాశాను. దాని మీద ఇంకా సంతకం పడలేదు.

యుద్ధ విన్యాసాలు జరుగుతున్న ఓ మధ్యాహ్నం సూరిబాబు ఫోన్ చేశాడు. తెరలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతున్నాయన్నాడు. ఎవర్నడిగినా ఆగమంటున్నారట.

"మీరు లెక్కేసేలోపు అది పైకెళ్లిపోద్దండి బాబాయ్ గారూ. పై ఆఫీసు లైను పీకెయ్యమంటారా?"

"పీకెయ్యి. నేను చూసుకుంటాను."

"ఆయ్."

పీకేశాడు. వైరస్ ఆగింది. దాంతోపాటు పైనుంచి రావలసిన ఆదేశమూ ఆగింది, విన్యాసం చెడింది. విచారణలో సూరిబాబు అనుమతి ఉందన్నాడు. ఎవరిదని అడిగారు. నా వైపు చూశాడు, పేరు చెప్పలేదు. పెద్దవాణ్ణి కదా, నేనే చెబుతాననుకున్నాడు. మేం మాట్లాడుకున్నది తెలుగులో. మా ఇద్దరి పక్కనా ఉన్నవాళ్లకి ముక్క అర్థం కాలేదు. అది నాకు తెలుసు.

నన్నడిగారు. లేదు సార్, అన్నాను.

ఎందుకన్నాను? భయమేనా? ఒప్పుకుంటే సంతకం కాకముందే నా రూలు నేనే అమలు చేశానని తేలుతుంది, కాగితం మూలన పడుతుంది, అది నిలిస్తే రేపు పదిమందికి మేలు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ లెక్క తిరగేసి చూస్తున్నాను, ప్రతిసారీ పదిమందీ వస్తారు గానీ ఆ ఒక్కడు ఎక్కడా రాడు.

అతని రికార్డులో ఎర్రసిరా పడింది. తర్వాత ఇంటికి పంపేశారు. నా కాగితానికి సంతకమైంది, మెచ్చుకోలు నాకొచ్చింది. మొదటి రూలే అది: డ్యూటీలో ఉన్నవాడు అడక్కుండా తీగ తియ్యొచ్చు. అంతకు ముందు తీసినవాడికి వర్తించదు.

ఇప్పుడతను ఎవరివో రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. బస్టాండులో కనిపిస్తే, బాగున్నారా బాబాయ్ గారూ, బీపీ తగ్గిందా అండీ, అంటాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతుకుతాను. ఉండదు. ఉంటే బాగుణ్ణు. తగ్గిందని చెప్పి బస్సెక్కేస్తాను.

ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. నాకు. అతనికేం ఒరిగింది? మీకు చెప్పినంత మాత్రాన అతనికి చెప్పినట్టా?

ఈ రోజుకీ అతనికి నా బాకీ: ఒక్క ఔను.