నూటొకటో నంబరు గూడెం

ములకలపల్లి మండలాఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన కొత్తలో, సాయంత్రం ఆరు దాటితే నాతో మాట్లాడేవాళ్లే ఉండేవారు కాదు. కిరాయి గదిలో కూర్చుంటే గోడలు మీదికొస్తున్నట్టుండేది. ఆ ఒంటరితనం పడలేక, హైదరాబాదులో మంచి ఉద్యోగం కొట్టాలన్న పంతంతో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే దారులు, అదే ఏపీఐలు, నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లోనే నల్ల తెర టెర్మినల్ యాప్ పెట్టుకున్నాను. కర్ల్ అని కొట్టి, ఒక వెబ్ చిరునామా, పంపాల్సిన మాట రాసి ఎంటర్ నొక్కితే ఎక్కడో ఉన్న సర్వర్ జవాబిస్తుంది. నేర్చుకునేవాళ్ల కోసం ఎవరో ఉచితంగా తెరిచిపెట్టిన సర్వర్ అది. సిగ్నల్ మాత్రం పెరట్లో నీళ్లతొట్టి గట్టు మీదే అందేది. మొదటి సాయంత్రం అక్కడ కూర్చుని, ఏం పంపాలో తోచక, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను: ‘ఎవరన్నా ఉన్నారా?’ వెంటనే జవాబు. 201, క్రియేటెడ్, అంటే పంపింది చేరి నమోదైందని. ఐడీ నూటొకటి. నవ్వకండి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజంతటిలో నాకు బదులిచ్చింది అదొక్కటే.

ఇంటి యజమానురాలు ముసలామె. ఆమెకూ నాలాగే ఎవరూ లేరు. అవ్వా అని పిలిచేదాన్ని.

“ఏంది బిడ్డా, మాపయితె సాలు, ఆ ఫోన్‌ను గిట్ల పొడుస్తనే ఉంటవ్?” అందొకరోజు.

“రాసేది నేర్చుకుంటున్న. నువ్వేదన్నా చెప్పు అవ్వా, దాస్త” అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

ఆమె తన పాత గూడెం చెప్పింది. అడవి లోపల ఉండేదట. నీళ్లకు కటకటలాడి ఒక్కో కుటుంబం రోడ్డు పక్కకు వచ్చేసింది. ఇప్పుడక్కడ టేకుచెట్లు తప్ప ఏమీ లేవు. ఏ ఇల్లు ఎవరిదో తెలిసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. తన ఇంటితో మొదలుపెట్టి వాగు ఒడ్డు దాకా, రోజుకు రెండిళ్లు చెప్పేది. ఎవరి వాకిట్లో ఏ చెట్టు, ఎవరి కోడలు ఎంత గయ్యాళి, అన్నీ. ఒక్కో ఇంటినీ విడిగా పంపేదాన్ని. పంతొమ్మిది ఇళ్లు. ప్రతిసారీ 201, ప్రతిసారీ ఐడీ నూటొకటి. అది గూడేనికి ఇచ్చిన నంబరు కాబోలనుకున్నాను. ఆఫీసులో ఊరికో కోడ్ కొట్టీ కొట్టీ నా బుర్ర అలా తయారైంది.

“మా గూడేనికి నంబర్ ఇచ్చిన్రా?” అవ్వ మురిసిపోయింది. “ఇగ నేను మరిచిపోయినా ఫికర్ లేదు.”

వానాకాలంలో ఆమెకు జ్వరం తగిలింది. ఇరవై రోజులు భద్రాచలం దవాఖానాలో ఉంది. తిరిగొచ్చాక ఓ సాయంత్రం మంచం మీద కూర్చుని గూడెం చెప్పబోయింది. తన ఇల్లు చెప్పింది. పక్కిల్లు ఎవరిదో గుర్తు రాలేదు. భయంగా నా మొహంలోకి చూసింది.

“నువ్ రాసినవ్ గద బిడ్డా. చదువు.”

పట్టుకుని నడిపించి తొట్టి దగ్గర కూర్చోబెట్టాను. నూటొకటి చూపించమని సర్వర్‌ను అడిగాను. 404. లేదు. మళ్లీ అడిగాను. లేదు. మొదటి రోజే చదవాల్సిన సూచనలు అప్పుడు చదివాను. ఇది సాధనకు మాత్రమే, మీరు పంపినదేదీ దాచిపెట్టం, ఎవరేం పంపినా దాచినట్టు ఇదే నంబరు ఇస్తాం అని ఉంది. నా తెలివి తగలెయ్య! ఆమె ఊరంతా నా చేతిలో పెడితే గాలిలో పారబోశాను.

“ఏంది బిడ్డా, లేదా?”

ఇంకొక్కసారి అడుగుదామని, ఇంతకుముందు కొట్టిన వరుసను తెచ్చే పైబాణం నొక్కాను. తొందరలో మూడుసార్లు నొక్కేశాను. తెర మీదికి వాగు ఒడ్డు ఇల్లు వచ్చింది. సర్వర్ పారేసిందే గానీ, నేను కొట్టిన ప్రతి వరుసనూ ఫోన్ ఉంచుకుంది.

బాణం నొక్కుతూ చదివాను, చివరి ఇంటి నుంచి వెనక్కి. ఒక్కో పేరుకూ అవ్వ తల ఊపింది. గయ్యాళి కోడలి దగ్గర నవ్వింది కూడా. వాగు దగ్గర బయల్దేరి ఆమె ఇంటిదాకా వచ్చాం. అక్కడ ఆగాల్సింది. ఆ ఊపులో ఇంకోసారి నొక్కి, వచ్చింది వచ్చినట్టు పైకి చదివేశాను.

“ఎవరన్నా ఉన్నారా?”

“అవ్ బిడ్డా, నేనున్న” అంది అవ్వ. “లోపటికి రా.”