ధర తగ్గేదాకా ఆగిన వీడియో గేము

ఎనభైల్లో తిరుపతి బస్టాండు పక్కన మా బావకు కూల్‌డ్రింకుల అంగడి ఉండేది. టీవీకి తగిలించి ఆడే వీడియో గేము మద్రాసులో కొత్తగా దిగిందని విని, పాడి ఆవును అమ్మయినా సరే దాన్ని తేవాలనుకున్నాడు. బస్సుల కోసం కాచుకునే పిల్లలు డబ్బులిచ్చి ఆడతారని ఆయన లెక్క. అక్క ఏడ్చింది. అంగడి ఉన్నా, ఆ పాల డబ్బులతోనే ఇల్లు గడిచేది మరి.

ఇలాంటి యంత్రాలు కొత్తలో మండిపోయే ధరకు అమ్మి, తర్వాత తగ్గిస్తారని నేను లైబ్రరీలో ఒక పత్రికలో చదివాను. "కొన్నాళ్లు ఆగు బావా" అని గట్టిగా చెప్పాను. నా మాట మీద ఆగాడు.

ఏడాది తిరిగేసరికి ధర సగానికి పడింది. ఆవును అమ్మకుండానే కొన్నాడు. అయితే ఆ నెలలోనే బావ అంగడి ఉన్న వరుసలోనే ఇంకో మూడు అంగళ్లవాళ్లూ కొన్నారు. ఆడే పిల్లలు నాలుగు చోట్లకు చీలిపోయారు. ఆగమన్నది నేనే కాబట్టి బావ ముందు తలెత్తుకోలేకపోయాను.

బావ నవ్వాడు. "నీ సదువు తప్పు గాదబ్బా. ధర మనొక్కరికే తగ్గుతాదనుకున్న్యాం సూడు, తప్పు ఆడ ఉండాది. ఆవు ఇంట్లోనే ఉండాది గదా, కాఫీ తాగు."

ఇంకొకరైతే నా చదువును జీవితాంతం ఎగతాళి చేసేవారు. బావ మాత్రం ఆ తర్వాత ఏ కొత్త వస్తువు కొనాలన్నా ముందు నన్ను లైబ్రరీకి పంపేవాడు.