సగం ఆటలో విప్పిన గజ్జెలు

కోరుట్లలో లీల ఎవరని అడిగితే అందరూ చెప్పేది ఒక్కటే, యూట్యూబ్‌లో కల్లు తాగి కోడలిని తిట్టే అత్త. ముప్పై ఏళ్లు ఊరూరా భాగోతాలాడే చిందు మేళంలో రాణిగా, దేవతగా, మీసం పెట్టుకుని రాజుగా కూడా ఆడిన మనిషిని తీసుకుపోయి కల్లు సీసాకు కట్టేశారు. ఆ మాట వింటే లీలకు ఒళ్లు మండేది. మండదా మరి!

పెళ్లై కథలాపూర్ వచ్చిన ఏడాదే ఆమెకు గజ్జె కట్టింది మొండయ్య. భర్తకు అన్న, మేళానికి పెద్ద. ఆ మేళంలో గజ్జె ఎవరికి వారు కట్టుకోరు. పెద్దే కట్టాలి, ఆట చివర మంగళహారతి అయ్యాక పెద్దే విప్పాలి. ఆట మధ్యలో ఏం ముంచుకొచ్చినా విప్పరు. ఆటగాళ్లు చనిపోతే కాళ్లకు గజ్జె కట్టే సాగనంపుతారు.

భర్త పోయాక, మేళానికి పిలుపులు తగ్గాక లీల కోరుట్ల చేరి బీడీలు చుట్టింది. జగిత్యాల సురేందర్ వచ్చి షార్ట్‌ఫిల్మ్‌లో అత్త వేషం ఇస్తానంటే ఒప్పుకుంది. కడుపు కాలుతుంటే వేషం గొప్పదా కాదా అని ఎవరు చూస్తారు? ఆ వీడియో ఊరూరా పాకింది.

ఆరేళ్ల కిందట సారంగాపూర్‌లో మొండయ్య మేళం ఆట. లీల ముఖానికి రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని దేవతగా వచ్చింది. ముందు వరుసలో ఎవడో "అగో, కల్లు అత్త అచ్చింది" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నవ్విన వాళ్లను మొండయ్య పల్లెత్తు మాట అనలేదు. నేరుగా వచ్చి, వంగి, అందరి ముందూ ఆమె గజ్జెలు విప్పేశాడు.

"ఫోన్లల్ల తైతక్కలాడే కాళ్లకు నా గజ్జె కట్ట. నువ్వు సచ్చినంకనే కడ్త," అన్నాడు.

అతను కట్టకపోతే ఇంకే మేళమూ పిలవదు. మళ్లీ ఒక్కసారి రంగు పూసుకోవాలని లీల ప్రాణం కొట్టుకునేది. ఆ ముసలోడి కాళ్లు మాత్రం పట్టుకోదు. ఆరేళ్లలో ఆమె కోపం పిసరంత తగ్గలేదు.

సురేందర్ తక్కువ తిన్నాడా? ఇరవై సినిమాల్లో అదే అత్త, అవే తిట్లు. మొన్న మాత్రం కొత్త వేషం పట్టుకొచ్చాడు.

"అక్కా, గీసారి నువ్వు సచ్చిపోతవ్. డైలాగులు సుత ఉండయి, నీకు తిప్పలుండది."

"నిలవడితె తిట్టుడు, పండుకుంటె సచ్చుడు. గంతేనారా నాకు?"

తిట్టుకుంటూనే ఒప్పుకుంది. వాడు ఆమె ఫొటోతో "శ్రద్ధాంజలి" ఫ్లెక్సీ కొట్టించి, బస్టాండ్ దగ్గర స్తంభానికి కట్టి షాట్ తీసుకున్నాడు. తర్వాత విప్పాలన్న సోయి లేదు ఆ దరిద్రుడికి. మర్నాడు పొద్దున కోరుట్లకు పని మీద వచ్చిన మొండయ్య దాన్ని చూశాడు. ఎవరినీ ఏమీ అడగకుండా కథలాపూర్ బస్సెక్కాడు.

మధ్యాహ్నం లీల వాకిట్లో షూటింగ్. ముక్కులో దూది, మెడలో దండ, పాడె మీద లీల. చుట్టూ ఏడ్చేవాళ్లు. ఇంతలో గజ్జెల చప్పుడు వినిపించింది. కళ్లు తెరవకుండానే అవి ఎవరివో ఆమెకు తెలిసిపోయింది. ముసలాయన గజ్జెలు పట్టుకుని ఏడుస్తూ రావడం చూసి, భలే దొరికాడనుకుని సురేందర్ కెమెరా ఆపొద్దని సైగ చేశాడు.

మొండయ్య చుట్టూ ఎవరినీ చూడకుండా వంగి ఆమె కుడికాలికి గజ్జె కట్టాడు.

"మొండిముండ," అని గొణిగాడు. "ఒక్కపారి అచ్చి తప్పైందంటె ఏం పోతుండె నీకు?"

లీలకు లేచి చెంప పగలగొట్టాలనిపించింది. పళ్లు బిగబట్టి శవంలాగే పడుకుంది. ఎడమకాలికి కూడా ముడి పడనిచ్చింది. సురేందర్ "కట్" అన్నాక లేచి కూర్చుని, ముక్కులోని దూది పీకేసింది.

మొండయ్య దిమ్మెరపోయి వెనక్కి పడ్డాడు. తేరుకున్నాక ముఖం ఎర్రబడింది.

"థూ. గిదా నీ బతుకు? సచ్చినవనుకోని కట్టిన. ఇటు తే కాళ్లు," అని చెయ్యి చాపాడు.

లీల కాళ్లు ముడుచుకుంది.

"సారంగాపూర్ల సగం ఆటల ఇప్పినవు బావా. ఇయ్యాల నీ చేతులతోనే కట్టినవు. మిగిలిన సగం ఆడినంక ఇప్పు."

పాడె దిగింది. "అక్కా, ఇంకో షాట్ ఉంది, పండుకో," అన్నాడు సురేందర్.

"నువ్వు పండుకో," అని, దండ తీసి వాడి మెడలో వేసి, గజ్జెలు మోగించుకుంటూ బస్టాండ్ వైపు నడిచింది. మొండయ్య బూతులు తిడుతూ వెనకాలే నడిచాడు. ఆ గజ్జెలు విప్పాలంటే ఆయన ఇప్పుడు ఆట పెట్టాల్సిందే.