మందు కొట్టని కొర్రలు

ఆ రోజుల్లో మా పక్క మనుషులందరి చూపూ కొండల మీదే. దోణిమలై దిక్కున ఇనుప గనుల్లో ఇచ్చే కూలి మా చేలల్లో ఎవరూ ఇవ్వలేరు. మా మోక ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళు కూడా తెల్లారకముందే ట్రాక్టర్లెక్కి పోయేవారు. మా ఆయన సేద్యం నాకు వదిలేసి ఖనిజం లారీ తోలడానికి చేరాడు. ఖాళీ దొరికినప్పుడు వచ్చి దున్ని పోయేవాడు. నాకు మిగిలింది రెండెకరాల కొర్ర చేను, దాన్ని మందులు లేకుండా పండిస్తానని ఇచ్చిన మాట.

ఆ మాట ఇచ్చింది పట్నంలో సత్యనారాయణపేటలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మకు. ఏటా ఒక ఆదివారం ఆమె అక్కడి బడి ఆవరణలో చిరుధాన్యాల మేళా పెట్టేది. పల్లెల నుంచి మాలాంటి వాళ్ళం వండుకుని పోతాం, పట్నం వాళ్ళు తిని, గింజలు కొనుక్కుంటారు. రొట్టెలు తట్టే చప్పుడు, వాటిలోకి నూరిన గురెళ్ళ పొడి వాసన, కన్నడమూ తెలుగూ కలిసిపోయిన కబుర్లు. నాకు అంతకంటే పెద్ద పండగ లేదు.

ఆ ఏడు మేళా ఆదివారం బస్సుకు బయల్దేరే ముందు గోనెసంచి కోసం కొట్టంలోకి వెళ్ళాను. చొప్ప వెనక చెయ్యి పెడితే ప్లాస్టిక్ డబ్బా తగిలింది. కలుపు మందు డబ్బా. ఖాళీగా ఉంది.

ఈ పంట విత్తే ముందు నేను పది రోజులు పుట్టింటికి పోయాను. తిరిగొచ్చేసరికి చేను కలుపు లేకుండా అద్దంలా ఉంది. ఎవరో కూలీలు దొరికారనుకుని సంతోషపడ్డాను గానీ, ఎవరని అడగలేదు.

మా ఆయనకు ఫోన్ కలవలేదు. ఉండిపోదామంటే ఆ కొర్రలతోనే అన్నం వండేశాను, అక్కడ నా కోసం చూస్తుంటారు. బస్సెక్కాను. ఒళ్ళో గిన్నె కాలుతోంది.

మేళాలో నా బల్ల మీద టీచరమ్మ అట్ట కట్టి ఉంచింది. ‘మందు కొట్టని కొర్రలు’ అని రెండు భాషల్లోనూ రాసింది. వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించి, “ఈయమ్మ చేనికి మందు వాసనే తెలీదు” అంటోంది. నేను తలొంచుకుని వడ్డిస్తున్నాను. ఎవరు దగ్గినా ఉలిక్కిపడుతున్నాను.

అప్పుడు నిండు గర్భిణి ఒకామె వచ్చింది. నిలబడే తినేసి, మళ్ళీ ఆకు చాపింది.

“ఇంకొంచెం పెట్టక్కా. ఈ మూడు నెలల్లో నోటికి హితవైంది ఇదొక్కటే.”

గరిటె నా చేతిలో ఆగిపోయింది. పెట్టలేను, వద్దనీ చెప్పలేను. “ఉండమ్మా, ఇప్పుడే వస్తా” అని బడి గోడ వెనక్కి పోయి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు. వెనక లారీల హారన్లు.

“ఏమప్పా, చేనికి మందు కొట్టినావా?”

లారీ తలుపు వేసుకున్న చప్పుడు.

“విత్తక ముందు కొట్టినాలే. కూలోళ్ళు యాడుండారు? నువ్వొక్కదానివే తీస్తావా అంత కలుపు?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే కొట్టనిస్తావా?”

గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. చెబితే మళ్ళీ ఈ గేటు లోపలికి రానివ్వరు. చెప్పకపోతే ఆ కడుపులో బిడ్డకు ఏమైనా అయితే? లేచి నేరుగా టీచరమ్మ దగ్గరికి పోయి, జరిగిందంతా చెప్పేశాను. ఆమె నన్ను కోప్పడలేదు. అట్ట విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

“ఆ తాయికి నువ్వే హేళమ్మా, నీ నోటితోనే చెప్పు” అంది చివరకు. “మిగతావాళ్ళకు నేను చెప్తా.”

గర్భిణి ఆకు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. చెప్పాను. ఆమె ఆకు వైపు చూసింది, తర్వాత నా వైపు.

“మా ఇల్లు లారీల రోడ్డు మీదుండాది అక్కా. బిందెకు గుడ్డ కట్టినా ఖనిజం దుమ్ముకు నీళ్ళు ఎర్రగానే వస్తాండాయి. ఈడన్నా మంచిది దొరుకుతాదని బస్సెక్కి వచ్చినా.”

తిట్టలేదు. ఆకు మడిచి బల్ల మీద పెట్టి, పొట్ట మీద చెయ్యేసుకుని గేటు వైపు నడిచింది. పిలుద్దామనుకున్నాను. గిన్నె మీద మూత పెట్టేశాను.

మరుసటి ఏడు అర ఎకరమే విత్తాను, ఒక్కదాన్నే కలుపు తీశాను. టీచరమ్మ తానే వచ్చి చేను చూసి, మళ్ళీ బల్ల ఇచ్చింది. ఆ రోజంతా చంకన బిడ్డతో వచ్చే ప్రతి ఆడమనిషి ముఖమూ వెతికాను. ఆమె రాలేదు. ఆమె పేరు గానీ, ఇల్లు ఏ ఊరి రోడ్డు మీదో గానీ నేను అడగనే లేదు.